బకెట్లోకి పోయిన ఎండ్రకాయలు

రిటైరైనవాళ్ళు రాసుకునే జ్ఞాపకాలు నేను చాలానే చదివాను. వాటిలో రాసినవాడు ఒక్కసారి కూడా తప్పు చేసి ఉండడు. ఆఫీసు నిండా దొంగలు, సోమరులు, మధ్యలో ఈయనొక్కడు నిప్పులాంటి మనిషి. ఇంతమంది నిప్పులాంటి మనుషులు పనిచేసిన దేశం ఇలా ఎందుకుందో నాకు అర్థం కాదు. అందుకని నేను చేసిన ఒక వెధవ పని గురించి చెబుతాను. దానికి జతగా, నాకన్నా ఎన్నో రెట్లు చదువుకున్న ఒక పెద్దమనిషి చేసిన వెధవ పని గురించీ చెబుతాను. ఇద్దరిలో ఎవరిది పెద్ద తప్పో మీరే తేల్చుకోండి. మీలో కొందరు రేపు ఏదో ఒక ల్యాబులో చేరతారు. అక్కడా ఒక పెద్దమనిషి ఉంటాడు. నాలాంటివాడూ ఉంటాడు.

డెబ్బైల చివరి సంవత్సరాలు. తిరుపతిలో ఒక కాలేజీ జంతుశాస్త్ర విభాగంలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఉద్యోగం టెంపరరీ. ఏటా ఒకసారి పెద్దాయన సంతకం పెడితే ఇంకో ఏడాది నిలిచేది. పెద్దాయన అంటే మా విభాగం అధిపతి. పేరు చెప్పను. ఇప్పటికీ ఆయన ఫోటోకు దండ వేసేవాళ్ళున్నారు.

ఆ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి తొమ్మిదిమందిమి వెళ్ళాం. మిగతా ఎనిమిదిమందీ ఎండ్రకాయకు లాటిన్ పేరేమిటో బట్టీపట్టి వచ్చారు. నాకు ఆ పేరు నోరు తిరగలేదు. పెద్దాయన నన్ను పై నుంచి కింది దాకా చూసి అడిగాడు.

"ఏ ఊరప్పా మీది?"

"కార్వేటినగరం పక్కన పల్లె సార్."

"ఎండ్రకాయను పట్టేది తెలుసునా?"

"మడికాడ పెరిగినోణ్ణి సార్. తెలుసు."

బల్ల మీద గాజుతొట్టి ఉంది. అందులోంచి ఒకదాన్ని, వెనక నుంచి వీపు మీద బొటనవేలు, పొట్ట కింద చూపుడువేలు పెట్టి ఎత్తి చూపించాను. దాని పెద్ద పట్టుకాళ్ళు రెండూ గాల్లో ఆడాయి కానీ నన్ను అందుకోలేకపోయాయి. పెద్దాయన కుర్చీతో సహా రెండడుగులు వెనక్కి జరిగాడు. ఉద్యోగం నాకే వచ్చింది. ఎండ్రకాయల మీద ఇరవై ఏళ్ళుగా పరిశోధన చేస్తున్న ఆ మనిషి తన జీవితంలో ఒక్క ఎండ్రకాయను కూడా చేత్తో పట్టుకోలేదని నాకు మొదటి వారంలోనే తెలిసిపోయింది.

ఆయన పరిశోధన ఏమిటో రెండు మాటల్లో చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ అర్థం కాదు. ఎండ్రకాయకు నడిచే కాళ్ళు ఎనిమిది. ఏ కాలు ఎప్పుడు ఎత్తాలి, ఎప్పుడు ఆనించాలి అన్నది దానికి ఎలా తెలుస్తుంది? మనం కళ్ళు మూసుకున్నా మోకాలు వంగి ఉందో చాపి ఉందో మనకు తెలుస్తుంది కదా. ఎండ్రకాయ కాలి కీళ్ళ లోపల కూడా అలా కబురు పంపే సన్నటి దారాలుంటాయి. కీలు కదిలితే దారం సాగుతుంది, సడలుతుంది. ఎంత కదిలిందో ఎటు కదిలిందో ఆ దారాన్ని అంటిపెట్టుకున్న నరం లోపలికి చెబుతుంది. కాలి కొసన నేల తగిలిందని చెప్పేవి వేరే ఉంటాయి. ఈ కబుర్లు లేకపోతే ఎండ్రకాయ నడవగలదా లేదా అన్నది ప్రశ్న.

నడుస్తుంది అని పెద్దాయన సిద్ధాంతం. నడక మొత్తం లోపలి నరాల ముడిలోనే రాసిపెట్టి ఉందని, కాళ్ళు పంపే కబుర్లు వట్టి అలంకారమని ఆయన ఎప్పుడో నిర్ణయించేసుకున్నాడు. క్లాసులో బెత్తం ఆడిస్తూ చెప్పేవాడు. "కాళ్ళు కూలోళ్ళయ్యా. మేస్త్రీ పని చెప్తాడు, కూలోడు చేస్తాడు. కూలోణ్ణి అడిగి మేస్త్రీ గోడ కట్టడు." పిల్లలు నవ్వేవాళ్ళు. నేను వెనక నిలబడి తొట్లకు నీళ్ళు మార్చేవాణ్ణి.

ఆ సిద్ధాంతాన్ని నిరూపించే పని కూలోడిది. అంటే నాది. నెలకు రెండుసార్లు నగరి బస్సెక్కి, అక్కడి వరిమళ్ళ కాలవల్లో ఎండ్రకాయలు పట్టి, తడి గోనెసంచిలో వేసుకుని వచ్చేవాణ్ణి. ఒకసారి సంచి మూతి ఊడి బస్సులో ఆడవాళ్ళ సీట్ల కిందికి పదిహేను ఎండ్రకాయలు పాకిపోయాయి. కండక్టర్ నన్ను దారిలోనే దించేశాడు. దిగి రోడ్డు పక్కన నిలబడి లెక్కపెట్టుకుంటే ఒకటి తక్కువైంది. అది ఏ ఊరు చేరిందో మరి.

తెచ్చినవాటిని ఐసు ముక్కల్లో పెడితే మొద్దుబారేవి. కాలి పెంకుకు సన్నటి రంధ్రం చేసి, సూదిలాంటి కత్తెరతో కీలు లోపలి దారాన్ని తుంచి, రంధ్రాన్ని మైనంతో మూసేవాణ్ణి. తొందరపడి గట్టిగా పట్టుకుంటే ఎండ్రకాయ ఆ కాలినే మొదలంటా వదిలించుకుని పారేస్తుంది. అందుకని ఓపిక కావాలి, చెయ్యి వణకకూడదు. నా చెయ్యి వణకదు. ఆ విషయంలో నాకు పొగరుండేది. ఇప్పుడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నన్ను ముంచిందీ తేల్చిందీ ఆ పొగరే.

మర్నాటికి ఎండ్రకాయ తేరుకునేది. కిరోసిన్ దీపం పొగ పట్టించిన నున్నటి కాగితాన్ని నిలబెట్టిన రెండు గాజుపలకల మధ్య పరిచి, దానిమీద ఎండ్రకాయను వదిలేవాణ్ణి. అది అడ్డంగా నడిచిపోతే ఆ నల్లటి మసిమీద కాళ్ళ కొసలు తెల్లటి గీతలు గీసేవి. గీతలు వరసగా, సమానమైన ఎడంతో ఉంటే నడక బాగున్నట్టు. ఆ కాగితానికి వార్నిష్ పూసి ఆరబెట్టి పెద్దాయన బల్లమీద పెట్టేవాణ్ణి.

మొదటి పదింటిలో నాలుగు తిన్నగా నడిచాయి. ఆరింటి గీతలు చిందరవందర. ఒక కాలిమీద ఇంకో కాలు వేసుకున్నాయి, కొన్ని కాలు ఈడ్చాయి. పదీ తీసుకుపోయి చూపించాను. పెద్దాయన ఆరు కాగితాలను వేలి కొసతో పక్కకు తోశాడు.

"ఇవి సరిగ్గా నడవలేదంటే ఏమర్థం?"

"తెలీదు సార్."

"నువ్వు కోసేటప్పుడు దారంతో పాటు కండ కూడా తెగిందని అర్థం. కోత చెడిపోయినవాటిని కొలతలోకి తేకూడదు. తీసి పారెయ్యి. మంచి కోతలు మాత్రం పట్టుకునిరా."

వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. కోత చెడిందో లేదో కాలు విప్పి భూతద్దం కింద చూస్తే తెలుస్తుంది. ఆయన చూడమనలేదు. నేను చూడలేదు. తిన్నగా నడిచింది కాబట్టి కోత మంచిది, కోత మంచిది కాబట్టి తిన్నగా నడిచింది. ఇలాంటి తర్కం మా పల్లెలో ఎవరైనా చెబితే సారాయి తాగాడనుకునేవాళ్ళు. కాలేజీలో చెబితే సిద్ధాంతం.

ఒకసారి మాత్రం నోరు జారాను. "సార్, మా ఊర్లో మడిగట్టున, గెనిమ మీద సూసినాను. బొక్క కనబడితే ఎండ్రకాయ ముందు ఒక కాలు లోపలికి పెట్టి తడుముతాది. నేల తగిలినాకనే బరువు మోపుతాది. నేల తగిల్లేదంటే కాలు ఎనక్కి తీసుకోని ఇంకోసాట ఆనిస్తాది. మరి కాలు కబురు పంపకుండానే..." అని మొదలుపెట్టాను.

"మీ ఊరి గెనిమ సంగతి జర్నల్ వాళ్ళు అడగరప్పా," అన్నాడు పెద్దాయన.

అంతే. ఆ రోజు నుంచి నాకు కళ్ళు పోయాయి. సరిగ్గా నడవని ఎండ్రకాయలన్నీ బల్ల కింద ఒక ఇనుప బకెట్లోకి పోయేవి. సాయంత్రం మా వాచ్‌మన్ వచ్చి బకెట్లోకి తొంగిచూసేవాడు. ఆయనది పెద్ద సంసారం.

"ఈపొద్దు ఎన్ని ఉండాయప్పా?"

"అయిదు."

"సారోళ్ళ సదువుకు పనికిరాంది మన సట్టికి పనికొస్తాదిలే," అని తువ్వాల్లో మూటకట్టుకుని పోయేవాడు. ఆ విధంగా మా పెద్దాయన సిద్ధాంతానికి ఎదురు సాక్ష్యమంతా నాలుగైదేళ్ళపాటు చింతపండు పులుసులో ఉడికిపోయింది. పులుసు బాగుండేదట.

పెద్దాయన మాత్రం మంచి గీతల కాగితాలకు అద్దాలు కట్టించి గోడకు తగిలించాడు. ఎవరు వచ్చినా వాటి ముందు నిలబెట్టి బెత్తంతో చూపించేవాడు. ఉత్తరాది సభలకు పట్టుకుపోయి శాలువాలు కప్పించుకుని వచ్చేవాడు. నాకు ఏటా సంతకం పెట్టేవాడు. "నీది బంగారం లాంటి చెయ్యప్పా," అనేవాడు. నేను పొంగిపోయేవాణ్ణి.

మూడో ఏట ఒక అమ్మాయి పరిశోధనకు చేరింది. వాళ్ళది వైష్ణవ కుటుంబం. తండ్రికి గుడి ఆఫీసులో ఉద్యోగం. ఇంట్లో ఉల్లిపాయ కూడా తరగరు. అలాంటి ఇంటి పిల్లను పెద్దాయన ఎండ్రకాయల పనిలో పెట్టాడు. చీదరించుకుని నెలలో పారిపోతుందని ఆయన అంచనా అనుకుంటాను. మొదటి రోజే ఒక పెద్ద మగ ఎండ్రకాయ ఆమె చూపుడువేలు పట్టుకుంది. ఆమె అరవలేదు. నేను పరుగెత్తుకొచ్చి విడిపించేదాకా పళ్ళు బిగించుకుని నిలబడింది. వేలికి గుడ్డ కడుతుంటే అడిగింది.

"అన్నా, ఎట్ల పట్టుకోవల్లో ఇంకోసారి చూపించు."

నాలుగు రోజుల్లో పట్టడం నేర్చుకుంది. రోజూ సాయంత్రం ఇంటికి పోయాక పెరట్లో తలంటు పోసుకుంటే తప్ప వాళ్ళ అవ్వ గడప దాటనిచ్చేది కాదట. ఏం పని చేస్తున్నావమ్మా అని తండ్రి అడిగితే, నీళ్ళలో ఉండే ప్రాణి మీద అని చెప్పిందట. చేప అనుకుని ఆయన రెండు రోజులు అన్నం తినలేదు. ఎండ్రకాయ అని చెప్పి ఉంటే ఏమయ్యేదో.

ఆమెకు అప్పగించిన పని కూడా అదే. దారం తుంచడం, నడిపించడం, ఇంకో యాభై మంచి గీతలు తేవడం. పెద్దాయనకు గోడమీద ఇంకా ఖాళీ ఉంది మరి. ఆమె నా పక్కన కూర్చుని కోత నేర్చుకుంది. ముందు విడిపోయిన కాళ్ళ మీద నెలరోజులు సాధన చేసింది. ఎంత శుభ్రంగా కోసేదంటే, నాకు కాస్త కడుపుమంటగా కూడా ఉండేది. కానీ ఆమె కోసిన ఎండ్రకాయలు నడవలేదు. పదింటిలో తొమ్మిది తడబడేవి.

పెద్దాయన అందరి ముందూ నవ్వాడు. "పులిహోర కలిపే చెయ్యమ్మా నీది. కత్తెర పట్టే చెయ్యి కాదు."

ఆమె తల దించుకుంది. ఒక్కసారి కాదు, అలా రెండేళ్ళు. చేతులు కుదరడం లేదని ఆమె ఎన్ని పద్ధతులు మార్చిందో నేను చూశాను. కత్తెర మార్చింది. మైనం మార్చింది. రంధ్రం చేసే చోటు మార్చింది. పొద్దున్నే కాఫీ తాగితే చెయ్యి వణుకుతుందేమోనని కాఫీ మానేసింది. ఒకరోజు మధ్యాహ్నం అందరూ భోజనానికి పోయాక నా బల్ల దగ్గరికొచ్చింది.

"అన్నా, ఒకటి అడుగుతా. నువ్వు కోసినవి అన్నీ నడుస్తాయే, నావి ఎందుకు నడవవు?"

బకెట్ నా కాలి పక్కనే ఉంది. మీద గోనెపట్టా కప్పి ఉంది; నావి పొద్దున ఆమె రాకముందే నడిపించేసేవాణ్ణి. లోపల ఆ రోజువి ఆరు గీరుకుంటున్న చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. ఆమె విని ఉండదు. నేను కాలితో బకెట్‌ను కొంచెం లోపలికి తోశాను.

"అలవాటైతే వస్తాదిలేమ్మా," అన్నాను.

ఆ నెలలోనే నా ఉద్యోగం పర్మనెంట్ చేసే కాగితం పెద్దాయన బల్లమీదికి వచ్చింది. మా నాయన ఊళ్ళో అప్పటికే అందరికీ చెప్పేసుకున్నాడు. నా పిరికితనానికి కారణం కావాలంటే ఇది చాలు. దీన్నే చాలామంది సంసార బాధ్యత అంటారు.

ఆ అమ్మాయి మాత్రం వదల్లేదు. ఒక సోమవారం ఒక చెక్కపలక మోసుకుని వచ్చింది. స్వర్ణముఖి ఏటి ఇసుకలో ఏరిన గులకరాళ్ళను దానిమీద సిమెంటులో పొదిగింది. చిన్నవీ పెద్దవీ, మధ్యలో సందులు.

"మడిలో నున్నటి కాగితం పరిచి ఉంటుందా అన్నా? ఎండ్రకాయ ఉండే చోటు ఇట్లనే కదా ఉంటుంది," అంది.

కోత పెట్టని ఎండ్రకాయ ఆ రాళ్ళ మీద సందు వస్తే కాలితో తడుముకుంటూ చక్కగా దాటిపోయింది. ఆమె కోత పెట్టినది సందులోకి కాలు వేసి, కింద నేల లేకపోయినా ఉన్నట్టే బరువు మోపి ఒరిగిపోయింది. లేచి మళ్ళీ అలాగే వేసింది. నేను మా గెనిమ మీద చిన్నప్పుడు చూసిందాన్ని ఆమె పలక మీద చూపించింది. చదవకుండా నాకు తెలిసింది, చదివి ఆమె పట్టుకుంది. తెలిసి కూడా నాలుగైదేళ్ళు నోరు మూసుకున్నవాణ్ణి నేను.

పెద్దాయన ఆ పలకను చూసి, "ఇదేమమ్మా, బొమ్మలకొలువు పెడతావా?" అని మూల పెట్టించాడు.

ఆ తర్వాత పది రోజులకు మద్రాసు నుంచి ఒక పరీక్షకుడు రావలసి ఉంది. పరిశోధన చేస్తున్నవాళ్ళ పని చూసి, ఎవరు కొనసాగాలో ఎవరు మానుకోవాలో చెప్పి పోవడం ఆయన పని. ఈ అమ్మాయిని పంపించెయ్యాలని పెద్దాయన ముందే నిర్ణయించాడు. అది నాకెలా తెలుసంటే నాతోనే అన్నాడు. "ఆయన ముందర నువ్వు కోసిన నాలుగు మంచివి నడిపించు. తర్వాత ఆ పిల్లను నడిపించమందాం. మిగతాది ఆయనే చూసుకుంటాడు." ఆ మాట చెబుతూ నా పర్మనెంట్ కాగితం తీసి, చదువుతున్నట్టు చదివి, మళ్ళీ సొరుగులో పెట్టాడు. ఆయనకు బెత్తం లేకుండా కూడా చూపించడం వచ్చు.

నేను ఆ వారం పదకొండు ఎండ్రకాయలకు కోత పెట్టాను. నాలుగు తిన్నగా నడిచాయి. ఏడు బకెట్లో పడ్డాయి. వాచ్‌మన్‌ను రెండు రోజులు ఆగమన్నాను. పరీక్షకుడు వచ్చేరోజు ల్యాబులో పులుసు మాటలు వినబడకూడదని.

పరీక్షకుడి కోసం రైల్వే స్టేషన్‌కు కారు పంపారు. ఆయన బస్సులో వచ్చాడు. సన్నటి మనిషి, పొట్టిచేతుల చొక్కా, గుడ్డసంచి. గేటు దగ్గర వాచ్‌మన్ బెంచీమీద కూర్చుని గంటసేపు కబుర్లు చెప్పాడట. కారు ఖాళీగా తిరిగొచ్చాక గానీ మావాళ్ళకు తెలియలేదు. పెద్దాయన కోటు వేసుకుని పరుగెత్తుకుంటూ పోయి దండ వేశాడు. ఆయన దండ తీసి బెంచీమీద పెట్టి లోపలికి వచ్చాడు.

ల్యాబు నిండా జనం. నా నాలుగు ఎండ్రకాయలు మసికాగితం మీద నడిచాయి. గీతలు ముగ్గుచుక్కల్లా వరసగా పడ్డాయి. పెద్దాయన ముఖం వెలిగిపోయింది. పరీక్షకుడు వంగి చూశాడు. తర్వాత ఆ అమ్మాయిని పిలిచారు. ఆమె మసికాగితం దగ్గరికి పోలేదు. మూల నుంచి గులకరాళ్ళ పలక తెచ్చి బల్లమీద పెట్టింది.

"ఇది వద్దన్నానే!" అన్నాడు పెద్దాయన.

"ఉండనీండి. చూద్దాం," అన్నాడు పరీక్షకుడు తమిళంలో. మా వైపు తమిళం అందరికీ అర్థమవుతుంది కాబట్టి ఆయన మాటలు నేను మన యాసలోనే చెబుతున్నాను.

ఆమె ఎండ్రకాయ రెండడుగులు వేసి సందులో ఒరిగింది. పెద్దాయన నవ్వుతూ చేతులు చాపాడు. "చూసినారు కదా సార్? ఇల్లు ఆచారం గల ఇల్లు. పాపం, చెయ్యి కుదరలేదు."

పరీక్షకుడు నా నాలుగింటినీ ఆ పలకమీద పెట్టమన్నాడు. మూడు కాస్త నిదానంగానైనా దాటాయి. నాలుగోది సందులో కాలు దింపి బోర్లాపడి, కాళ్ళు కొట్టుకుంటూ ఉండిపోయింది. ల్యాబులో ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దాయన ముఖం మాడిపోయింది. నా వైపు తిరిగాడు.

"కోత పెట్టేది వచ్చి ఏడ్చిందా నీకు? మొరటు చెయ్యి సార్ వీడిది. పల్లెటూరోడు. ఎన్నేళ్ళు నేర్పినా మడక పట్టి దున్నే చెయ్యి మడక పట్టే చెయ్యే."

ఇక్కడ మీరు నన్ను గొప్పవాడనుకోవద్దు. రెండేళ్ళుగా ఆ అమ్మాయిని నలుగురి ముందూ తిడుతుంటే నాకు నోరు రాలేదు. ఎన్నో వందల ఎండ్రకాయలు బకెట్లోకి పోతుంటే నోరు రాలేదు. నా చేతిని అన్నందుకు వచ్చింది.

"నా చెయ్యి మొరటుది కాదు సార్," అన్నాను. "నా కోతల్లో నూటికి అరవై ఇట్లనే పడతాయి. పడినవాటిని మీరు పారేయమన్న్యారు. పారేసినాను."

పరీక్షకుడు నా దగ్గరికి వచ్చాడు.

"ఈ వారం ఎన్నింటికి కోత పెట్టినారు?"

"పదకొండు సార్."

"నాలుగు ఇక్కడ ఉండాయి. మిగతా ఏడు యాడ?"

చచ్చిపోయాయి అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. పెద్దాయన నా వైపే చూస్తున్నాడు, ఆ అమ్మాయి కూడా చూస్తోంది. నేను వంగి బల్ల కింది నుంచి బకెట్ లాగి, గోనెపట్టా తీసి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాను.

ఏడింటినీ ఒక్కొక్కటిగా పలకమీద వదిలారు. ఏడూ పడ్డాయి. అప్పటికీ నా కడుపులో ఒక సంతోషమే. నా కోతలు మొరటువి కాదని ఇప్పుడు తేలిపోతుందని. పరీక్షకుడు భూతద్దం అడిగాడు. ఆ అమ్మాయి పదకొండింటి కాళ్ళూ ఒక్కొక్కటే విప్పి చూపించింది. గంటన్నర పట్టింది. ఎవరూ టీకి కూడా లేవలేదు.

బకెట్లోని ఏడింటిలో దారం శుభ్రంగా తెగి ఉంది. ఒక్క కండ పోగు కూడా దెబ్బతినలేదు. పలకమీద పడిన నాలుగోదానిలోనూ అంతే. పలక దాటిన మూడింటిలో మాత్రం దారం సగమే తెగి, సగం అలాగే వేలాడుతూ ఉంది.

నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. నేను బాగా చేసిన పనినంతా బకెట్లో పారేశాను. నేను చెడగొట్టిన కోతలు గోడమీద అద్దాల్లో వేలాడుతున్నాయి. ఇన్నేళ్ళ సిద్ధాంతం, శాలువాలు, నా బంగారం లాంటి చెయ్యి, అన్నీ నా చెయ్యి జారిన రోజుల మీద కట్టిన మేడ. ఆ సగం దారాలు లోపలికి కబురు పంపుతూనే ఉన్నాయి, అందుకే ఆ ఎండ్రకాయలు నడిచాయి.

పెద్దాయన గొంతు సవరించుకుని, "పద్ధతిలో చిన్న లోపం ఉన్నట్టుండాది," అన్నాడు. ఇల్లు కాలిపోతుంటే వాసన వస్తోందన్నట్టు.

పరీక్షకుడు సాయంత్రం బయలుదేరేటప్పుడు నేను గేటు దాకా సంచి మోశాను. ఏదో ఒక మెచ్చుకోలు మాట వస్తుందని ఆశ. ఆయన నడుస్తూనే అన్నాడు.

"మీ వాచ్‌మన్ పొద్దున్నే చెప్పినాడయ్యా, వారం వారం ఎండ్రకాయ పులుసు తింటామని. ఇంత మంచి కోతలని చెప్పుకునే ల్యాబులో అన్ని మిగిలేదెట్లా అనుకున్నాను. అడగాలనే వచ్చినాను. నువ్వు చెప్తావా చెప్పవా అని చూసినాను, అంతే."

అంటే నా సాహసం కూడా అవసరం లేని సాహసం.

తర్వాత ఏం జరిగిందో అడుగుతారు. పెద్దాయనకు ఏమీ జరగలేదు. గోడమీది అద్దాలు ఒక ఆదివారం మాయమయ్యాయి. ఏడాది తిరిగేసరికి అదే బెత్తంతో, అదే క్లాసులో, "కాలు పంపే కబురు లేకపోతే నడక లేదయ్యా. ఈ విషయం నేను మొదటి నుంచీ చెప్తానే ఉండాను," అని చెప్పడం నేను చెవులారా విన్నాను. ఈసారి కూలోళ్ళు, మేస్త్రీ ఉపమానం లేదు. దానికి బదులు, దేశంలో రైతు మాట రాజు వినాలి అని ఇంకో ఉపమానం తెచ్చాడు. ఆయన రిటైరైన రోజు ఏనుగంత దండ వేశారు.

నా కాగితం నాలుగేళ్ళు సొరుగులోనే ఉండిపోయింది. నన్ను ల్యాబు నుంచి మ్యూజియం గదికి మార్చారు. చచ్చిన పాముల సీసాల్లో ఫార్మలిన్ తగ్గితే పోయడం పని. కళ్ళు మండేవి. మా నాయన ఊళ్ళో ఎవరికీ ఏమీ చెప్పలేక, నేను పండక్కు వెళ్ళినప్పుడల్లా ఆవుల గురించి మాట్లాడేవాడు.

ఆ అమ్మాయి మానుకోలేదు. ఆమె పాత కోతలన్నీ సరైనవేనని తేలింది కానీ, నడిపించింది నున్నటి కాగితం మీద కాబట్టి మొదటి నుంచి మళ్ళీ రాళ్ళమీద చేయాల్సి వచ్చింది. ఇంకో రెండున్నరేళ్ళు. వేరే గైడు దగ్గర చేసింది. కీలు లోపలి దారం తెగినా ఎండ్రకాయ నడక ఆగదని, కానీ నేల ఎలా ఉంటే అలా కాలు దిద్దుకోవడం దానికి చేతకాదని చూపించింది. అంటే పెద్దాయన చెప్పినదానిలో సగం నిజముంది. నడక లయ లోపలే పుడుతుంది. ఆ సగంతో ఆయన తృప్తిపడి ఉంటే ఏ గొడవా లేకపోయేది. మొత్తం తనదే కావాలన్న ఆశ మనుషులకు ఎక్కడ నుంచి వస్తుందో ఏ భూతద్దం కిందా కనబడదు.

పట్టా వచ్చాక ఆమెకు చిత్తూరులో ఒక కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. వెళ్ళిపోయే ముందు అందరికీ చెప్పడానికి వచ్చి, చివరికి నా మ్యూజియం గదికి వచ్చింది. నేను చేతులు తుడుచుకుని లేచి నిలబడ్డాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆమె నాకు కృతజ్ఞత చెబుతుందని ఎదురుచూశాను. ఏమనాలో కూడా తయారు చేసుకున్నాను. నాదేముందమ్మా, అని.

ఆమె ఒక పాము సీసా మీది చీటీ చదివి, నా వైపు తిరిగింది.

"అన్నా, నీకు ఒకటి చెప్పి పోవల్ల. కోపం కాదు."

"చెప్పమ్మా."

"రెండేండ్లు నా చేతులు పనికిరావనుకున్న్యా. ఇంట్లో అన్నం కలుపుకునేటప్పుడు కూడా వాటిని చూసి ఏడుపొచ్చేది. సార్‌కు తెలీదు, ఆయనెప్పుడూ బల్ల కిందికి వంగినోడు కాదు. నీకు తెలుసు. ఆ పొద్దు నేను వచ్చి అడిగినప్పుడు కూడా తెలుసు."

"తెలుసు," అన్నాను.

"నీ చెయ్యిని ఒక్క మాటంటే ఒక నిమిషం ఓర్చుకోలేకపోతివి," అంది.

ఆమె గొంతు పెంచలేదు. బస్సు టైమైందని చెప్పి, వచ్చినంత నెమ్మదిగానే వెళ్ళిపోయింది. నేను మళ్ళీ ఫార్మలిన్ డబ్బా అందుకుని, తగ్గిన సీసాలు నింపడం మొదలుపెట్టాను.